ఆస్పత్రికి రానివారి లెక్క

ఊరి ఆరోగ్య అవసరాలను అంచనా వేయడమంటే ఆ ఊళ్లో ఎవరు ఏ జబ్బుతో బాధపడుతున్నారో, అది ఎందుకు వచ్చిందో, అందవలసిన వైద్యం ఎక్కడ ఆగిపోతోందో కనుక్కోవడం. ఆ తర్వాత ఉన్న డబ్బుతో, ఉన్న మనుషులతో ముందు ఏ పని చేయాలో తేల్చుకోవడం. ఇందుకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని ఓపీ రిజిస్టరు చాలదు. అందులో ఉండేవి వచ్చినవాళ్ల పేర్లే. పత్తి ఏరే రోజుల్లో ఒక పూట కూలి పోతుందని జ్వరంతోనే చేలోకి వెళ్లిన మనిషి, మోకాళ్ల నొప్పులతో గడప దాటలేని ముసలమ్మ, ఎవరికీ చెప్పుకోలేని జబ్బును చీర కొంగు చాటున దాచుకున్న కోడలు, రాత్రి తొమ్మిదింటికి ఆర్‌ఎంపీ దగ్గర సూదిమందు వేయించుకుని తెల్లారి మూటలు మోయడానికి వెళ్లిన హమాలీ ఆ పుస్తకంలో కనిపించరు. ఊరి ఆరోగ్య ప్రణాళిక వీళ్లను వెతకడంతో మొదలుకావాలి.

అవసరం అనే మాటకు ఒక్క అర్థమే లేదు. బ్రిటన్ పరిశోధకుడు జొనాథన్ బ్రాడ్‌షా 1972లో దాన్ని నాలుగు రకాలుగా విడదీసి చూపించారు. డాక్టర్లు, నిపుణులు కొలిచి చెప్పేది ఒకటి. మనిషి తనలో తాను అనుకునేది మరొకటి. నోరు తెరిచి అడిగేది, లైనులో నిలబడి కోరేది మూడోది. పక్క ఊళ్లో ఉండి మన ఊళ్లో లేనిది నాలుగోది. ఇవి నాలుగూ ఒకచోట కలిసేది చాలా అరుదు. రక్తహీనతనే తీసుకుంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ. అయినా నాకు రక్తహీనత ఉందని ఆస్పత్రికి వచ్చే ఆడమనిషి దాదాపు ఉండదు. ‘నీరసంగా ఉంది’, ‘కళ్లు తిరుగుతున్నాయి’, ‘మధ్యాహ్నానికే కాళ్లు లాగేస్తున్నాయి’ అంటుంది. నలుగురిలో ఇద్దరు ముగ్గురికి అదే నీరసం ఉంటే అది జబ్బని ఎవరికీ తోచదు.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా తెలుగు నేల మీదే ఉంది. అదే సర్వేలో సిజేరియన్ కాన్పులు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. జనాభా మొత్తం మీద చూస్తే సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు అదనంగా తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. గర్భసంచి తొలగింపుల్లోనూ రెండు తెలుగు రాష్ట్రాలు దేశంలో ముందు వరసలో ఉన్నాయి. ఇక్కడ అడిగేది, అందించేది రెండూ అసలు అవసరాన్ని దాటిపోయాయి. అందువల్ల జరిగిన ఆపరేషన్ల పట్టికనో, బీమా బిల్లుల పట్టికనో ముందు పెట్టుకుని జిల్లా అవసరాలు ఇవీ అని తేల్చడం ప్రమాదకరం. ఏ వైద్యానికి డబ్బు వస్తోందో ఆ పట్టిక చెబుతుంది. ఏ వైద్యం కావాలో చెప్పదు.

గడ్చిరోలిలో ఏం అడిగారు

ఇంటింటికీ వెళ్లి అడగడం వల్ల ఏం బయటపడుతుందో మన దేశంలో అందరికన్నా స్పష్టంగా చూపించినవాళ్లు డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ దంపతులు. ప్రాణహిత, గోదావరి దాటితే తెలంగాణకు ఆనుకుని ఉండే మహారాష్ట్ర జిల్లా గడ్చిరోలి. దాని దక్షిణ కొస సిరొంచ ప్రాంతంలో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. 1986లో అక్కడ పని మొదలుపెట్టిన ఈ దంపతులు ‘సెర్చ్’ సంస్థ తరఫున రెండు పల్లెల్లో మహిళలను ఒక్కొక్కరినీ పరీక్షించారు. ఆ రోజుల్లో గ్రామీణ మహిళల ఆరోగ్యమంటే ప్రభుత్వాల లెక్కలో కాన్పు, కుటుంబ నియంత్రణ మాత్రమే.

మొత్తం 650 మందిని పరీక్షించారు. వాళ్లలో 55 శాతం మంది తమకు బాధలున్నాయని చెప్పారు. మిగతా 45 శాతం మంది ఏమీ లేదన్నారు. పరీక్ష పూర్తయ్యేసరికి 92 శాతం మందిలో స్త్రీ సంబంధ వ్యాధి ఏదో ఒకటి ఉన్నట్టు తేలింది. సగటున ఒక్కొక్కరికి 3.6 జబ్బులు. అంతకుముందు ఎప్పుడైనా ఆ పరీక్ష, చికిత్స పొందినవాళ్లు కేవలం 8 శాతం. 1989లో ‘లాన్సెట్’ పత్రికలో అచ్చయిన ఈ ఫలితాలు చాలా దేశాల ఆరోగ్య విధానాన్ని కదిలించాయి. తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి, నెలసరి బాధలు ఆడపుట్టుకతో పాటు వచ్చేవేనని సర్దుకున్న ఇళ్లలో ఆ జబ్బులు ఏ ఆస్పత్రి పుస్తకానికీ ఎక్కలేదు. ఆడ డాక్టరు ఊళ్లోకి వెళ్లి, తలుపు వేసి, నమ్మకంగా అడిగాకే అవి లెక్కలోకి వచ్చాయి.

అడగడం జబ్బుల దగ్గర ఆగలేదు. ఆస్పత్రి ఎలా ఉండాలని కూడా గిరిజనులను అడిగారు. పెద్ద భవనాలంటే, తెల్లకోటు మనుషులంటే భయమని వాళ్లు చెప్పారు. తమ గూడెంలాగే విడివిడి ఇళ్లుగా ఉండాలని, రోగి పక్కన బంధువులు ఉండే వీలుండాలని కోరారు. అలాగే కట్టి, వాళ్లు కొలిచే దంతేశ్వరి అమ్మవారి పేరే పెట్టారు.

పసికందుల మరణాల సంగతీ ఇలాంటిదే. అప్పట్లో అక్కడ పుట్టిన నెలలోపు శిశువులు ఎక్కువగా చనిపోయేది ఇళ్లలో. ఆస్పత్రి దూరం, పచ్చిబాలింత గది దాటకూడదన్నది ఆచారం. అందుకని వైద్యాన్నే ఆ గదిలోకి పంపారు. ఊళ్లో కాస్త చదువుకున్న మహిళలకు శిక్షణ ఇచ్చారు. బిడ్డను తూచడం, వెచ్చగా చుట్టడం, ఊపిరి లెక్కపెట్టడం, ఒళ్లంతా పాకే ఇన్‌ఫెక్షన్ (సెప్సిస్) లక్షణాలు గుర్తించి ఇంజెక్షన్ ఇవ్వడం నేర్పారు. 39 ఊళ్లలో ఈ పని జరిగింది. ఇది జరగని ఊళ్లతో పోల్చితే మూడేళ్లలో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. ఈ ఫలితాలు 1999లో వచ్చాయి. ఆ దారినే 2011లో కేంద్ర ప్రభుత్వం ఆశా కార్యకర్తల ఇంటి సందర్శనల కార్యక్రమం చేపట్టింది. ఆస్పత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా ఇంటికి రావాలి. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా. ఇవాళ తెలుగు పల్లెల్లో ఆశా సంచిలో కనిపించే చిన్న త్రాసుకు మూలం గడ్చిరోలి గుడిసెల్లో ఉంది.

పైనుంచి వచ్చిన అంకెలు

దేశంలో ప్రజల అవసరాన్ని బట్టి ప్రణాళిక వేయాలన్న మాట 1946 నాటి భోర్ కమిటీ నివేదికలోనే ఉంది. ప్రాథమిక ఆరోగ్య సంరక్షణపై 1978లో వచ్చిన ఆల్మా అటా ప్రకటన దాన్ని ప్రపంచమంతటికీ చెప్పింది. ఆచరణలో మాత్రం చాలాకాలం నడిచింది పైనుంచి వచ్చిన టార్గెట్లే. ఈ ఏడాది ఇన్ని కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు అని జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి, అక్కడి నుంచి నర్సమ్మకు అంకె దిగేది. 1994లో కైరోలో జరిగిన అంతర్జాతీయ జనాభా సదస్సు తర్వాత ఆలోచన మారింది. 1996 ఏప్రిల్ నుంచి దేశమంతటా ఆ టార్గెట్లు తీసేశారు. మరుసటి ఏడాది టార్గెట్లు లేని ఈ విధానానికి సామాజిక అవసరాల అంచనా అనే పేరు పెట్టారు. నర్సమ్మ, అంటే ఏఎన్ఎం, తన ఉపకేంద్రం పరిధిలోని ఇళ్లు తిరిగి, అవసరాలు లెక్కగట్టి, ప్రణాళికను కింది నుంచి పైకి పంపాలన్నది ఉద్దేశం. మంచి ఆలోచన. కానీ చాలాచోట్ల నిరుటి అంకెకు కొంత కలిపి ఫారం నింపే పనిగా మిగిలింది. ఒక్క నర్సమ్మ చేత వేల మంది ఆరోగ్యాన్ని రాయించి, ఊరిని అందులో కూర్చోబెట్టకపోతే అంతకన్నా జరగదు. 2005 ఏప్రిల్ 12న మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆ ఖాళీని పూడ్చే ప్రయత్నం చేసింది. సుమారు వెయ్యి మందికి ఒక ఆశా, ఊరికొక గ్రామ ఆరోగ్య పారిశుద్ధ్య కమిటీ అప్పుడు వచ్చినవే.

ఉండాల్సినవారు, ఉన్నవారు

అంచనాలో మొదటి పని తలల లెక్క. చివరి జనగణన ఫలితాలు 2011 నాటివి కాబట్టి ఇళ్ల జాబితా కొత్తగా రాయక తప్పదు. ఆ తర్వాత ఒక చిన్న గణితం చాలా సంగతులు చెబుతుంది. మైదాన ప్రాంతంలో ఉపకేంద్రానికి 5,000 జనాభా, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 అన్నది ప్రమాణం. రెండు తెలుగు రాష్ట్రాల్లో జననాల రేటు ఏడాదికి వెయ్యి మందికి సుమారు 16. అంటే 5,000 జనాభాలో ఏడాదికి 80 కాన్పులు. నిలవని గర్భాలకు మరో 10 శాతం కలిపితే 88 మంది గర్భిణులు ఉండాలి. వాళ్లలో 15 శాతం మందికి, అంటే 13 మందికి, ఏదో ఒక చిక్కు వస్తుందని ముందే సిద్ధపడాలి. అలాగే 30 ఏళ్లు దాటినవారు జాతీయ మార్గదర్శకాల ప్రకారం 37 శాతం, అంటే 1,850 మంది. బీపీ, షుగరు పరీక్షలు చేయాల్సింది వీళ్లకు.

ఇప్పుడు ఉపకేంద్రం రిజిస్టరు తెరవాలి. అందులో గర్భిణుల పేర్లు 70 ఉన్నాయనుకుందాం. మిగతా 18 మంది ఎక్కడున్నారన్నదే అసలు ప్రశ్న. కొందరు తొలికాన్పుకు పుట్టింటికి వెళ్లి ఉంటారు. వాళ్ల లెక్క ఇక్కడా ఉండదు, ఒక్కోసారి అక్కడా ఉండదు. కొందరు మొదటి నుంచీ పట్నంలో ప్రైవేటు ఆస్పత్రిలో చూపించుకుంటుంటారు. కొందరు భర్తతో కలిసి ఇటుక బట్టీలకో, హైదరాబాదు భవన నిర్మాణ పనులకో వలసపోయి ఉంటారు. ఆ బట్టీలున్న ఊరి నర్సమ్మ వాళ్లను తన జనాభాగా రాయకపోతే గర్భంతో ఉండగా పడాల్సిన టీకా, తొమ్మిదో నెలలో చూడాల్సిన బీపీ రెండూ పోతాయి. ఈ ఒక్క తీసివేత లెక్క ఎంతో ఖర్చుపెట్టి చేసే సర్వేలకన్నా సూటిగా తప్పిపోయిన మనిషిని చూపిస్తుంది. ప్రతి ఉపకేంద్రం గోడ మీదా ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి ఉండాలి.

రెండో పని ఊరి పటం. గ్రామీణాభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ ఛాంబర్స్ 1989-91 మధ్య హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉండి స్వచ్ఛంద సంస్థలతో కలిసి పనిచేసిన రోజుల్లో, పల్లె జనమే తమ ఊరి పటం గీసుకునే పద్ధతి ఇక్కడ బాగా వ్యాపించింది. దానికి కాగితం అక్కర్లేదు. రచ్చబండ దగ్గర నేల ఊడ్చి, కళ్లాపి చల్లి, ఆడవాళ్ల చేతికి ముగ్గుపిండి ఇస్తే చాలు. ముందు రోడ్డు గీస్తారు, తర్వాత గుడి, బడి, బోరింగు. వాడ ఎక్కడ, తండా ఎక్కడ అంటే కాస్త ఆగి, జరిగి, ఊరికి అవతల గీస్తారు. మురుగు కాలువకు బొగ్గుపొడి, గర్భిణి ఉన్న ఇంటికి పసుపు, మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంటికి ఇటుక ముక్క. ఆ తర్వాత చింతగింజల వంతు. జ్వరాలు, నడుంనొప్పి, సారా, మంచినీళ్లు, రాత్రిపూట బండి దొరకకపోవడం అని నేల మీద గుర్తులు పెట్టి, దేనివల్ల ఎక్కువ బాధపడుతున్నారో దాని దగ్గర ఎక్కువ గింజలు పెట్టమంటారు. మగవాళ్లను, ఆడవాళ్లను వేర్వేరుగా కూర్చోబెట్టాలి. మగవాళ్ల గుంపులో అంబులెన్సు దగ్గర పోగుపడే గింజలు ఆడవాళ్ల గుంపులో సారా దగ్గర పోగుపడవచ్చు. వాడ వాళ్లను కూడా రచ్చబండకే రమ్మంటే వాళ్లు వెనక నిలబడతారు, గింజ పట్టుకోరు. వాళ్ల పటం వాళ్ల వీధిలోనే గీయించాలి.

మూడో పని ఇంటి గడపలో. 30 దాటిన ప్రతి ఒక్కరికీ ఆశా ఒక ఫారం నింపుతుంది. వయసు, పొగాకు, మద్యం, నడుం కొలత, వారానికి 150 నిమిషాల శారీరక శ్రమ ఉందా, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు ఉన్నాయా అన్న ప్రశ్నలకు మార్కులుంటాయి. మొత్తం నాలుగు దాటితే ఆ మనిషిని ముందుగా పరీక్షకు పంపాలి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటిన నడుం దగ్గర మార్కు మొదలవుతుంది. చూడటానికి సులువే. కానీ పొద్దున పదకొండు గంటలకు టేపు పట్టుకుని వెళ్తే ఇంట్లో ఉండేది ముసలివాళ్లు, పిల్లలు. కూలికి వెళ్లినవాళ్లను కలవాలంటే తెల్లవారకముందో, దీపాలు పెట్టాకో వెళ్లాలి. కోడలి ఆరోగ్యం గురించి అడిగితే అత్త జవాబు చెబుతుంది. పొగాకు గురించి అడిగితే చుట్ట కాల్చే పెద్దమ్మ లేదంటుంది, ఎందుకంటే అది తనకు అలవాటు కింద లెక్క కాదు. ఆశా అదే ఊరి కోడలు కావడం ఇక్కడ పెద్ద బలం. కొన్ని విషయాల్లో అదే ఆటంకం కూడా. మరుగుగా ఉంచాల్సిన జబ్బును పక్కింటి మనిషికి చెప్పడానికి ఎవరైనా వెనకాడతారు. అటువంటి ప్రశ్నలకు బయటినుంచి నర్సునో, మహిళా డాక్టరునో తీసుకురావాలి.

చావుల లెక్క కూడా ఈ అంచనాలో భాగమే. ఇంట్లో పోయినవాళ్ల విషయంలో ‘వయసైపోయింది’, ‘గుండె ఆగింది’ అన్న మాటలే మిగులుతాయి. చనిపోయేముందు ఎన్నాళ్లు జ్వరం, కాళ్లవాపు ఉందా, ఏ ఆస్పత్రికి ఎప్పుడు బయలుదేరారు, బండికి ఎంతసేపు పట్టింది అని ఇంటివాళ్లను ఓపికగా అడిగితే కారణం చాలావరకు తెలుస్తుంది. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఇది అడగడానికి ఒక మర్యాద, ఒక సమయం ఉంటాయి. పెద్దకర్మ అయ్యేదాకా ఆగడం మంచిది.

ముందు ఏది

జాబితా తయారయ్యాక అన్నీ ఒకేసారి చేయడం ఏ ఊరి వల్లా కాదు. ఎంతమందికి ఉంది, ఎంత ప్రాణాంతకం, దానికి తెలిసిన మందు ఉందా, ఊరు అందుకు కదులుతుందా అన్న నాలుగు ప్రశ్నలతో వరస తేల్చాలి. ఈ వరస ఎప్పుడూ డాక్టరు దగ్గరికే దారి తీయదు.

ఫ్లోరోసిస్ ఇందుకు మంచి సాక్ష్యం. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో వంగిపోయిన నడుములకు, గారపట్టిన పళ్లకు కారణం నీళ్లలోని ఫ్లోరైడ్ అని 1937లోనే పరిశోధకులు ప్రచురించారు. తర్వాత నల్లగొండలో మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల తరాలు ఆ బోరునీళ్లు తాగుతూనే గడిపాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగరాదన్నది ప్రమాణం. వంగిన ఎముకను ఏ మందూ తిన్నగా చేయలేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో నీటిని శుద్ధిచేసే నల్లగొండ పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించింది. అసలు పరిష్కారం మాత్రం నదీజలాలను పైపుల్లో ఊరికి తేవడమే. 2016లో మొదలైన మిషన్ భగీరథ ఆ పని చేసింది. కారణం 1937లో తెలిసి, పరిష్కారం ఇంత ఆలస్యంగా రావడం వైద్యశాస్త్రం వైఫల్యం కాదు. జబ్బు ఆరోగ్యశాఖ పుస్తకంలో, నీళ్లు మరో శాఖ పుస్తకంలో ఉండిపోయాయి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కథ వేరు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడితోటల మధ్య షుగరు, బీపీ లేనివారి కిడ్నీలు కూడా పాడవుతున్నాయి. నీళ్ల మీద, నేల మీద, ఎండ మీద పరిశోధనలు జరిగాయి. ఇదే కారణమని గట్టిగా తేల్చలేదు. కారణం తెలియదని ప్రణాళిక ఆగకూడదు. ఈ జబ్బు చాలా ముదిరేదాకా బయటపడదు కాబట్టి ఆస్పత్రికి వచ్చేవరకు ఆగితే డయాలసిస్ ఒక్కటే మిగులుతుంది. ఊరూరా రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేసి ముందే పట్టుకోవడం, నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగకుండా చెప్పడం, డయాలసిస్‌కు విశాఖ దాకా వెళ్లే అవస్థ తప్పించడం, మంచినీళ్లు తేవడం కారణంతో పనిలేకుండానే చేయవలసినవి. పలాస, సోంపేట, కవిటిల్లో డయాలసిస్ కేంద్రాలు, హిరమండలం రిజర్వాయరు నీళ్లు, 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆస్పత్రి ఆ వరసలో వచ్చినవే. అక్కడి కుటుంబాలు ఎన్నో ఏళ్లు అడిగితే వచ్చినవి.

మన్యంలో అవసరం ఇంకో రూపంలో ఉంటుంది. నిండు గర్భిణిని డోలీలో మోసుకుంటూ కొండ దిగే ఊళ్లలో కావలసింది రోడ్డు. రోడ్డు పడేదాకా ఏం చేయాలన్నదానికి సాలూరులో ఒక జవాబు దొరికింది. కాన్పు తేదీకి ముందే గిరిజన గర్భిణులను కొండ దించి, భోజనంతో సహా ఉంచే వసతి గృహం అక్కడ పెట్టారు. కొండ మీద ఆమె పిల్లలను, మేకలను ఎవరు చూస్తారన్నది కూడా అడిగి ఏర్పాటు చేసిన ఊళ్ల నుంచే గర్భిణులు దిగుతారు.

కాగితం మీద, గోడ మీద

‘రక్తహీనత తగ్గించాలి’ అన్నది కోరిక. ఎవరు, ఎప్పటిలోగా, దేనితో, ఎంతమందికి అని రాస్తేనే ప్రణాళిక. ఊళ్లో 60 మంది ఎదిగే ఆడపిల్లలుంటే ప్రతి సోమవారం బడిలో ఐరన్ మాత్ర ఎవరు మింగిస్తారు, బడి మానేసిన ఎనిమిది మందికి ఎవరిస్తారు, ఆరు నెలలకొకసారి నులిపురుగుల మాత్ర ఎప్పుడు, తర్వాతి హిమోగ్లోబిన్ పరీక్ష ఏ నెలలో అన్నది పేర్లతో, తేదీలతో ఉండాలి. మాత్రలు ఇచ్చినా తినకపోవడానికి కారణాలూ సర్వేలోనే తెలియాలి. వికారం వస్తుందని, మలం నల్లగా వస్తుందని, బిడ్డ నల్లగా పుడుతుందని మానేసేవాళ్లుంటారు. అన్నం తిన్నాక పడుకునేముందు వేసుకోమని, మాత్ర వేసుకున్నాక వెంటనే టీ తాగొద్దని చెప్పే మనిషి లేకపోతే ఆ మాత్రలు అటకెక్కుతాయి.

డబ్బు సంగతి దాచకుండా మాట్లాడుకోవాలి. గ్రామ ఆరోగ్య పారిశుద్ధ్య కమిటీకి ఏడాదికి వచ్చే విడి నిధి 10,000 రూపాయలు. నాలుగు బ్లీచింగ్ బస్తాలకు, ఒక బీపీ మిషనుకు, ఎవరూ లేని రోగికి రాత్రిపూట ఆటో కిరాయికి అది పనికొస్తుంది. అంతకుమించిన పనులు గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలోకి ఎక్కాలి. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు చెప్పిన 29 అంశాల్లో 23వది ఆరోగ్యం, పారిశుద్ధ్యం. 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికే 70,051 కోట్ల రూపాయలు సిఫార్సు చేసింది. కమిటీలో కనీసం 15 మంది ఉండాలని, సగం మంది ఆడవాళ్లు కావాలని నిబంధన. సంతకాల కోసం పేర్లు రాసుకున్న కమిటీకి, నెలకోసారి నిజంగా కూర్చునే కమిటీకి మధ్య తేడా ఊరి మురుగుకాలువలోనే కనిపిస్తుంది.

పని ఎంత జరిగిందో చూడటం చివరి మెట్టు. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీని ప్రభుత్వ వ్యవస్థగా నిలబెట్టడంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముందుంది. ఊరంతటి ముందు మస్టరు రోలు చదివి, ఫలానా మనిషి పనిచేసిందా, కూలి అందిందా అని అడిగిన ఆ పద్ధతి ఆరోగ్యానికీ సరిపోతుంది. ఆశా ఆరుసార్లు వచ్చిందా అని బాలింతను, బీపీ మాత్రలు నెలనెలా అందాయా అని పెద్దాయనను గ్రామసభలో అడగవచ్చు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ఎవరి జబ్బు పేరూ నలుగురిలో చదవకూడదు. ఏడాది తిరిగాక ఉపకేంద్రం గోడ మీద అవే రెండు అంకెలను మళ్లీ పక్కపక్కన రాయాలి. 88కి 70 ఉన్నచోట ఈసారి 82 ఉంటే, మిగిలిన ఆరుగురి కోసం ఏ ఇంటికి, ఏ బట్టీకి, ఏ తండాకు వెళ్లాలో తర్వాతి ఏడాది ప్రణాళిక మొదటి వరసలో ఉంటుంది.